పొన్నై బావిలో పుట్టిన సన్నికల్లు

అగ్నిపర్వతాలు పేలే ముందు వేలూరు దగ్గరి మా ఊరు గుడియాత్తం వచ్చి, మా అవ్వ కుప్పమ్మను ఒక్క మాట అడిగి పేలితే, లోకానికి ఇంత నష్టం జరిగేది కాదు. భూమి కడుపులో ఏ మూల ఏది ఉడుకుతోందో, ఎంతసేపు చల్లారితే ఏ రాయి అవుతుందో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. జపానులో పెద్ద పెద్ద యంత్రాలు పెట్టుకుని కూర్చున్న పండితులందరినీ ఒక పక్క నిలబెట్టి, ఇంకో పక్క మా అవ్వను, ఆమె ముందు ఒక సంకటి కుండను పెడితే, మధ్యాహ్నానికల్లా ఆ పండితులు యంత్రాలు చంకన పెట్టుకుని ఇళ్ళకు పోతారు.

ఇంత పండితురాలు బడి మెట్టు ఎక్కలేదు. లుంగీల మగ్గానికి కండెలు చుడుతూ చుడుతూ డెబ్బై ఏళ్ళు దాటించింది. నూలు రాసుకుని రాసుకుని ఆమె వేళ్ళ మీది గీతలు చెరిగిపోయాయి. రేషను అంగట్లో వేలిముద్ర మిషను ఆమెను మనిషి కిందే లెక్కపెట్టదు. ప్రతి నెలా దానితో జగడమే. "నన్ను తెలీదంటాదే ఇది! ఇది పుట్టకముందు నుంచీ ఈ అంగట్లో బియ్యం తీసుకుంటా ఉండాను" అని మిషనును నాలుగు తిట్టి, బియ్యం తీసుకునే వస్తుంది.

ఆ గీతల్లేని వేళ్ళకు ఒక రాయి మాత్రం బాగా తెలుసు.

ఆమె చిన్నప్పుడు పుట్టినూరు పొన్నైలో ఆమె నాయన చౌడప్ప చేలో బావి తవ్వించాడు. రెండు నిలువుల లోతు దిగాక బూడిద రంగు బండ తగిలింది. ఆ బండ మధ్యలో నిలువునా ఒక నల్లటి గోడ. ఎవరో తాడు పట్టి కట్టినట్టు బావి ఈ కొస నుంచి ఆ కొసకు నేరుగా పోయింది. గడ్డపార పడితే కంచు మోగినట్టు మోగింది. గోడకు ఎగువ పక్క నీళ్ళు ఊరాయి, దిగువ పక్క ఎంత తవ్వినా దుమ్మే లేచింది. చౌడప్ప ఆ గోడలోంచి ఒక పలకను విడగొట్టించి దాచి ఉంచాడు. కూతురు పెద్దదయ్యాక, ఆ పలకతో ఒక సన్నికల్లు, దానిమీద నూరడానికి ఒక పొత్రం చేయించాడు. పెళ్ళిలో కుప్పమ్మ ఆ రాతిమీదే కుడికాలు పెట్టి మెట్టెలు తొడిగించుకుంది. అత్తగారింటికి వచ్చేటప్పుడు చీరల మూట కంటే ముందు రాయిని బస్సెక్కించింది.

మరుసటి ఏడు ఎదురింటి పిల్ల పెళ్ళికి ఆ రాయి అడిగారు. ఇచ్చింది. ఆ తరువాత ఇంకో పెళ్ళి, ఇంకో పెళ్ళి. ఇంటింటికీ మిక్సీలు వచ్చినప్పుడు మిగతా ఇళ్ళ సన్నికళ్ళు కొన్ని వాకిట్లో మెట్లయ్యాయి, కొన్ని బట్టలుతికే రాళ్ళయ్యాయి. కుప్పమ్మది ఒక్కటే నిలిచింది. నేతగాళ్ళ వీధిలో ఏ పిల్ల పెళ్ళయినా, వీధి చివరి మండపంలో ఆ రాతిమీద కాలు పెట్టాల్సిందే. ఇప్పటికి నూట పద్నాలుగు మంది పెట్టారని ఆమె లెక్క. వాళ్ళలో ఒక్కరు కూడా మొగుడితో జగడమాడి పుట్టింటికి రాలేదని ఆమె గొప్ప. ముగ్గురు వచ్చిన మాట వీధికంతా తెలుసు. ఆ ముగ్గురూ ఎడమకాలు పెట్టారని కుప్పమ్మ సాధిస్తుంది.

రాతికి ఒకే ఒక్క కట్టుబాటు. వీధి దాటకూడదు.

ఆ కట్టుబాటు దాటించింది యోగానంద్.

యోగానంద్ ఆమె చెల్లెలు వెంకటమ్మ కొడుకు. ఆరేళ్ళప్పుడు తల్లి పోతే కుప్పమ్మ తెచ్చి సాకింది. తన కొడుకు ధనశేఖర్‌ను (అంటే మా నాయనను) మగ్గం గుంటలోకి దించి, యోగానంద్‌ను మాత్రం బడికి పంపింది. వాడికి చదువు పడుతుందని, వీడికి పడదని ఆమె ఒక్క చూపుతో తేల్చేసింది. మా నాయన విషయంలో ఆమె తేల్చింది సరిగ్గానే ఉందని మా అమ్మ కూడా ఒప్పుకుంటుంది. యోగానంద్ వేలూరు పక్క తొరపాడిలో సైన్సు మాస్టరు అయ్యాడు. పెళ్ళి చేసుకుని అక్కడే ఉంటాడు. కానీ ఆదివారం వస్తే పెద్దమ్మ చేతి చట్నీకి గుడియాత్తం రావాల్సిందే.

వచ్చి వంటింటి గడప మీద కూర్చుంటాడు. ఆమె నూరుతూ ఉంటుంది. ఇంట్లో మిగిలినవాళ్ళు ఆమెతో మాట్లాడితే మాత్ర వేసుకున్నావా, కండెలు అయినాయా అనే రెండు మాటలే. యోగానంద్ మాత్రం ఆ వారం పిల్లలకు చెప్పిన పాఠమంతా ఆమెకు మళ్ళీ చెప్పేవాడు.

"పెద్దమ్మా, భూమిలో శానా లోతున కొన్ని తావుల్లో రాయి కరిగి పాకం అయిపోతాది, తెలుసునా?"

"యాడ? మనింటి కిందనా?"

"మనింటి కింద ఇప్పుడు లేదులే. పాకం నిదానంగా చల్లారితే ఏమవుతాది?"

"కలకండ."

"తొందరగా చల్లారితే?"

"పొడి చక్కెర మాదిరి సన్నం. ఇంగా తొందరగా అయితే పల్లీచెక్క మీద గాజు మాదిరి నిలస్తాది."

యోగానంద్ గడప మీద చేత్తో కొట్టి నవ్వాడు. "అంతే! రాయి కూడా అంతే పెద్దమ్మా. శానా లోతున వేల వేల ఏండ్లు నిదానంగా చల్లారింది గ్రానైటు. కలకండ మాదిరి పెద్ద పెద్ద గింజలు కడతాది. పైకి వస్తా వస్తా పగుల్లో ఇరుక్కొని తొందరగా చల్లారింది సన్న గింజ. బయటికి దూకి నీళ్ళలో పడింది గాజు."

"మరి పాలారు ఏటి ఒండ్రు? పొర మీద పొర పడతాదే, అది?"

"నువ్వే చెప్పు."

"మామిడి తాండ్ర. ఒక పొర ఆరినాక ఇంకో పొర పోసేది."

"ఆ తాండ్రను, ఆ కలకండను మళ్ళా లోపలికి తోసి, మడిచి, ఒత్తి, కాలిస్తే?"

కుప్పమ్మ పొత్రం ఆపి ఆలోచించింది. బస్టాండు పక్క హోటలు మాస్టరు పిండిని సాగదీసి, మడతలు వేసి, చుట్టి, పెనం మీద అణచడం ఆమె కళ్ళముందు కనపడింది. "పరోటా" అంది.

గుడియాత్తం చుట్టూ ఉన్న కొండల్లో కనిపించే తెలుపు, నలుపు చారల బండలన్నీ అలా మడిచి కాల్చిన పరోటాలేనని ఆ పూట తేలింది. ఆ మరునాటి నుంచి వీధిలో ఆడవాళ్ళకు బట్టలుతుక్కునే సుఖం పోయింది. ఉతుకుతుంటే వచ్చి నిలబడి, "మే, నువ్వు చీర కొడతా ఉండేది పరోటా మీద, తెలుసునా?" అనేది.

అగ్నిపర్వతాల పాఠం ఇంకా గొప్పగా నడిచింది. కొన్ని మెల్లగా పొంగి పారతాయి, కొన్ని బాంబులా పేలతాయి, ఎందుకో చెప్పమన్నాడు యోగానంద్. కుప్పమ్మకు ఆలోచించే పనే పడలేదు. ముంజేతి మీద పాత మచ్చ చూపించింది. "రసం కాగితే ఆవిరి సులువుగా పోతాది. పొంగితే పొయ్యి మీద పడి పారతాది, అంతే. సంకటి అట్ల కాదు. చిక్కన. ఆవిరి లోపల ఇరుక్కొని, ఇరుక్కొని, ఒక్కసారి టప్పున కొడతాది. ఇదిగో, సూడు."

"పెద్దమ్మా," అన్నాడు యోగానంద్, "నాకు చదువు చెప్పిన వాత్యారు దీనికి మూడు రోజులు తీసుకున్నాడు."

ఆ మాట ఆమె ఒక నెలపాటు నెమరేసుకుంది. కూరగాయల అమ్మాయికి చెప్పింది, షేర్ ఆటోలో పక్కన కూర్చున్నవాళ్ళకు చెప్పింది, రేషను మిషనుకు కూడా చెప్పింది.

పొన్నై బావిలోని నల్లగోడ సంగతి విన్నరోజు యోగానంద్ సన్నికల్లు ముందు బోర్లా పడుకుని భూతద్దంతో చూశాడు. లేచి, "ఇది అగ్నిపర్వతం కావాలని బయలుదేరిన రాయి పెద్దమ్మా. పైదాకా రాలేక దోవలో పగుల్లోనే చల్లారిపోయింది. రెండు వందల కోట్ల ఏండ్లు దాటుంటాది" అన్నాడు. కుప్పమ్మ రాతిమీద చేయి వేసింది. దాని మధ్యలో ఆమె అరచేతికి సరిగ్గా పట్టే పల్లం ఉంది. యాభై ఏళ్ళ నూరుడుకు పడింది.

ఆడి నెల, అంటే ఆషాఢం, మొదట్లో యోగానంద్ స్కూటరు మీద వచ్చాడు. ఆదివారం కాదు.

"పెద్దమ్మా, బడుల సైన్సు ఎగ్జిబిషను ఉండాది. మా పిల్లోళ్ళు అగ్నిపర్వతం బొమ్మ చేస్తా ఉండారు. పక్కన నీ సన్నికల్లు పెడితే ఎట్లుంటాది! నిజమైన రాయి. పది రోజులే."

"వీధి దాటకూడదు రా నాయనా."

"నేనేమన్నా పరాయోడినా?"

 ఆ వచ్చే ఆవణి నెలలో వాళ్ళ వీధిలోని మోహన కూతురు సురేఖ పెళ్ళి ఉంది. సన్నికల్లు ఇస్తానని మోహనకు ఎప్పుడో మాట ఇచ్చింది. ఆ సంగతే చెప్పింది.

"పెండ్లికి పదైదు రోజులు ముందే తెచ్చిస్తా. నా మీద ఆన" అన్నాడు.

వాడి మీద ఆన అంటే ఆమెకు వెంకటమ్మ మీద ఆన. పాత లుంగీలో రాయిని చుట్టి, తానే ముడివేసి, స్కూటరు కాళ్ళదగ్గర పెట్టించింది. వీధి మలుపు తిరిగేదాకా నిలబడి చూసింది. మలుపు దాటాక ఇంట్లోకి వచ్చి, పొత్రాన్ని గోడకు ఆనించి పెట్టింది.

మొదటి బహుమతి వచ్చిందని ఫోను వచ్చింది. పేపరులో ఫొటో కూడా పడిందట. కుప్పమ్మ వీధికంతా పల్లీచెక్కలు పంచింది.

అన్న మాట ప్రకారం, పెళ్ళికి పదిహేను రోజుల ముందు రాయి వచ్చింది. అదే లుంగీ, పసుపు, కుంకుమ కూడా పెట్టి ఉంది. యోగానంద్ దించి పెట్టి, మంచినీళ్ళు తాగుతున్నాడు. కుప్పమ్మ ముడి విప్పి, ఎప్పటిలాగే మధ్యలో అరచేయి పెట్టింది.

చేయి కూర్చోలేదు.

పల్లం ఉంది. కానీ అది ఎవరో ఉలితో తొలిచిన పల్లం. ఆమె చెయ్యి పక్కకు జారింది.

"ఇది నాది కాదు" అంది.

యోగానంద్ నీళ్ళ చెంబు దించలేదు. "నీదే పెద్దమ్మా. దుమ్ముండాదని కడిగి నూనె పెట్టినా. అందుకే కొత్తగా ఉండాది."

"నాది కాదు నాయనా."

మగ్గం గుంటలోంచి ధనశేఖర్ గొంతు వచ్చింది. "అమ్మా, కంటి ఆపరేషను అయినప్పటి నుంచీ నీకు అన్నీ కొత్తగానే కనపడతా ఉండాయి. మొన్న నన్ను కూడా ఎవురు నువ్వు అంటివి."

అందరూ నవ్వారు. ఆమె కూడా కొంచెం నవ్వింది. యోగానంద్ ఆ రోజు చట్నీ తినకుండానే వెళ్ళిపోయాడు. పని ఉందన్నాడు.

మూడు రోజులు ఆమె తనను తానే అనుమానించుకుంది. కన్ను పోయిందా, చెయ్యి పోయిందా, బుద్ధే పోయిందా అని. కాదంటే, వాడు అబద్ధం చెప్పాడని అనుకోవాలి. దానికంటే తన బుద్ధి పోయిందనుకోవడమే ఆమెకు సులువుగా తోచింది. నాలుగో రోజు టెంకాయ చట్నీ నూరి పెట్టింది. ధనశేఖర్ రెండో ముద్దకే కటుక్కున కొరికి, దవడ పట్టుకున్నాడు.

"ఏందమ్మా, రాళ్ళు! పప్పులు ఏరలేదా?"

"యాభై ఏండ్లుగా నా చట్నీలో రాయి తగిలిందా నీకు?"

"లేదు."

"ఊ" అంది కుప్పమ్మ.

మధ్యాహ్నం ఆ రాయిని వాకిట్లోకి దొర్లించింది. చింతపండు, ఇసుక వేసి పీచుతో తోమింది. నలుపు కరిగి పీచుకు అంటుకుంది. ఎండకు వెచ్చబడిన కొద్దీ దానిలోంచి పసుపు వాసన పోయి, మెకానిక్ షెడ్డు వాసన వచ్చింది. నీళ్ళు పోసి కడిగి, వంగి చూసింది. తెల్లవి, బూడిద రంగువి, అక్కడక్కడా లేత ఎరుపు, బియ్యపు గింజలంత గింజలు ఎండలో తళతళా మెరిశాయి.

కలకండ. లోతున, నిదానంగా చల్లారింది.

ఇంట్లోకి పోయి పొత్రం తెచ్చి పక్కన పెట్టింది. చౌడప్ప ఒకే పలకలోంచి రెండూ చేయించాడు. పొత్రం నల్లగా, బిగువుగా, గింజ కంటికి కనపడకుండా ఉంది. ఎండ దానిమీద పడి అక్కడే ఆగిపోయింది. ఇవి రెండూ ఒక కడుపున పుట్టినవి కావని చెప్పడానికి ఇక ఏ కన్నూ అక్కరలేదు. యోగానంద్ పలకను మార్చగలిగాడు కానీ, పొత్రం ఒకటి ఇంట్లో ఉందన్న సంగతి వాడికి తట్టనే లేదు. వాడు ముప్పై ఏళ్ళుగా ఆ చట్నీ తిన్నాడు. ఒక్కరోజు కూడా నూరలేదు.

ఇది కనిపెట్టడానికి పనికొచ్చిన చదువంతా వాడే చెప్పాడు. గడప మీద కూర్చుని, నవ్వుతూ. ఆ ఆదివారాలన్నీ ఒక్కొక్కటే ఆమెకు గుర్తొచ్చాయి. 

మరునాడు ఎవరికీ చెప్పకుండా పొత్రాన్ని వైరు బుట్టలో పెట్టుకుని వేలూరు బస్సెక్కింది. దారిలో కండక్టరు బుట్టను కాలితో కదిపి చూశాడు. కదల్లేదు.

"ఎన్న పాట్టి ఇదు? బాంబా?" అని అరవంలో అడిగాడు, ఏందవ్వా ఇది అని.

"పొత్రం నాయనా. చట్నీ నూరేది."

"ఇదుక్కు లగేజ్ టికెట్ పోడణుం." దీనికి లగేజీ టికెట్టు వేయాలట.

"వెయ్యి. టికెట్టు వేసినాక దానికి ఒక సీటు కూడా ఇయ్యి. నిలబడి రాలేదు అది."

బస్సంతా నవ్వింది. కండక్టరు టికెట్టు వేయలేదు. కుప్పమ్మ మాత్రం కిటికీ వైపు తిరిగి, మళ్ళీ ఎవరితోనూ మాట్లాడలేదు. షేర్ ఆటోలోనో బస్సులోనో పక్కవాళ్ళకు కొండలు చూపించి పరోటాల కథ చెప్పకపోవడం ఈ మధ్యకాలంలో అదే మొదటిసారి.

తొరపాడిలో తలుపు తీసింది యోగానంద్ పెళ్ళాం ఉమామహేశ్వరి. "పెద్దత్తా! రాండి, రాండి. ఒక్కరే వచ్చినారా? ఫోను చేసుంటే ఆయన బస్టాండుకు..." అంటూనే ఆమె మాట తగ్గిపోయింది. కుప్పమ్మ ఆమె భుజం మీదుగా లోపలికి చూస్తోంది.

అద్దాల బీరువాలో, బహుమతి కప్పు పక్కన, ఒక నల్లరాయి నిలబెట్టి ఉంది. సగం రాయి. కోసిన ముఖాన్ని అద్దంలా పాలిషు పట్టించారు. కింద అరవంలో ఒక చీటీ. కుప్పమ్మ దగ్గరికి పోయింది. పాలిషులో ఆమె ముఖం కనిపించింది. కోతకు పై అంచున సగం పల్లం మిగిలి ఉంది. అరచేయి పెట్టింది. మూడు వేళ్ళు సరిగ్గా కూర్చున్నాయి, మిగతా చెయ్యి గాల్లో ఉండిపోయింది.

యోగానంద్ స్నానాల గదిలోంచి తువ్వాలుతో వచ్చి, ఆమెను చూసి, అలాగే నిలబడిపోయాడు.

ఆమె బుట్టలోంచి పొత్రం తీసి బల్లమీద పెట్టింది. అరవలేదు.

"ఏమిటికి కోసినావు?"

"లోపల ఎట్లుండాదో పిల్లోళ్ళకు చూపించాలంటే కోయాల పెద్దమ్మా. పైన అంతా నూనె, పసుపు పట్టేసి ఉండాది. కోస్తేనే గింజ కనపడతాది. ఇంకో సగం బడి ల్యాబులో ఉండాది, పేరు రాసి పెట్టినాము. ఎప్పటికీ ఉంటాది."

"ఎవురి పేరు?"

యోగానంద్ తువ్వాలు భుజం మార్చుకున్నాడు. "బడి పేరు."

"అడిగుంటే?"

"అడిగుంటే ఇచ్చేదానివా?"

"ఇచ్చేదాన్ని కాదు."

"అందుకే అడగలేదు."

"సరి. కోసినావు. కోసినాక వచ్చి చెప్పినావా? ఇంకో రాయి చేయించి, దానికి ఇంజను ఆయిలు పూసి, పసుపు పెట్టి, కుంకుమ పెట్టి, నా లుంగీలోనే చుట్టి తెచ్చి పెడితివే. ఏమనుకొని తెచ్చినావు?"

ఉమామహేశ్వరి వంటింట్లోకి వెళ్ళిపోయింది.  యోగానంద్‌కు అబద్ధం చెప్పే ఓపిక ఇంక లేకపోయిందేమో, ఉన్న మాటే వచ్చేసింది.

"నీకు తెలవదనుకున్నా పెద్దమ్మా."

కుప్పమ్మ తల ఊపింది. ఆ తలూపు చూసి వాడు భయపడ్డాడు. గబగబా మాట్లాడాడు. రెండు సగాలూ తెచ్చి అతికించి ఇస్తానన్నాడు. ఇప్పుడు రాతికి పనికొచ్చే జిగురు దొరుకుతుందన్నాడు, అతుకు కనపడదన్నాడు. కావాలంటే పొన్నై పోయి అదే బావిలోంచి ఇంకో పలక తీయిస్తానన్నాడు.

"కలకండ, తాండ్ర, పరోటా అని చెప్తివే," అంది ఆమె, పొత్రాన్ని బుట్టలో పెట్టుకుంటూ, "అవన్నీ ఎవురికి చెప్పినావు రా? గోడకు చెప్పినావా?"

వాడు బస్టాండు దాకా స్కూటరు మీద దింపుతానని వెంట వచ్చాడు. ఆమె నడిచింది. వాడు స్కూటరు ఆపి ఆపి, తోసుకుంటూ పక్కనే నడిచాడు. బస్సు వచ్చినప్పుడు బుట్ట అందుకోబోతే, ఆమె బుట్టను ఇంకో చేతికి మార్చుకుంది.

పెళ్ళి దగ్గర పడింది. ధనశేఖర్‌కు ఇప్పుడు అంతా తెలిసిపోయింది. కొంచెం సిగ్గుపడ్డాడు, కానీ ఉపాయం కూడా చెప్పాడు. "పోయింది పోయె. మళ్ళా నూనె పూసి పసుపు పెట్టి ఇచ్చేద్దాం. మండపంలో ఎవురు చూస్తారమ్మా? ఎవురికి తెలుస్తాది?"

కుప్పమ్మ కొడుకును చూసింది. "నువ్వూ, వాడూ, ఇద్దురూ నా చేతి అన్నమే తింటిరి కదప్పా" అంది.  లేచి, నేరుగా మోహన ఇంటికి పోయింది.

అక్కడ వాకిట్లో పందిరి గుంజలు దింపుతున్నారు. వీధి ఆడవాళ్ళు ఏడెనిమిది మంది కూర్చుని పసుపు కొమ్ములు కడుతున్నారు. కుప్పమ్మ నిలబడే చెప్పింది. రాయిని వీధి దాటించానని, వాడు దాన్ని కోశాడని, ఇంట్లో ఉన్నది వేరే రాయి అని. యోగానంద్ పేరు చెప్పేటప్పుడు మాత్రం ఒకసారి దగ్గింది.

ఎవరైనా ఓదారుస్తారేమో అనుకుంది. మోహన చేతిలోని కొమ్ము కింద పెట్టింది.

"అత్తా, మా అమ్మ ఆ రాతిమీదే కాలు పెట్టింది, నేను పెట్టినాను. మా పాప పెడతాదని దాని పుట్టినరోజు నుంచీ అనుకుంటా ఉండాను. వీధి దాటకూడదని కట్టుబాటు పెట్టింది నువ్వే. పోయినేడు నా తమ్ముని పెండ్లికి ఆంబూరు తీసుకుపోతామంటే గడప దాటనిస్తివా? నీ వాడు అడిగితే ఇచ్చేసినావు. మమ్మల్ని ఒక మాట అడిగినావా?"

 తొరపాడిలో తాను నిలబెట్టి అడిగిన మాటే ఇక్కడ తనమీదికి వచ్చింది. వీధికి ఆమె చేసిందీ, ఆమెకు వాడు చేసిందీ తూచి చూస్తే ఒకటి కాదు. కానీ ఆ పూట తూచే ఓపిక ఎవరికీ లేదు. ఆమెకు కూడా లేదు.

"అడగలేదు" అంది. "తప్పు నాదే."

లోపలి నుంచి పెళ్ళికూతురు సురేఖ వచ్చింది. చేతులకు గోరింటాకు పెట్టుకుని, మోచేతులు పైకెత్తి పట్టుకుని ఉంది. "అవ్వా, ఉండే రాయి తీసుకురా. అది కూడా రాయే కదా."

"అది గ్రానైటు. గింజ పెద్దది" అంది కుప్పమ్మ, ఆ పరిస్థితిలో కూడా.

"గింజతో నాకేం పని? కాలు పెట్టేదే కదా, చట్నీ నూరతానా మండపంలో?"

ఒకరిద్దరు నవ్వారు. మోహన నవ్వలేదు.

పెళ్ళిరోజు కుప్పమ్మ ఆ రాయికి నూనె పూయలేదు. తోమి, గింజలు కనపడేలాగే తెచ్చి పెట్టింది. అయ్యవారు మంత్రం మొదలుపెట్టబోతుంటే, "ఒక్క నిమిషం సామీ" అని ఆపి, "ఇది పాత రాయి కాదు. ఈ ఏడే చేసింది. తెలిసే పెట్టండి" అని మండపంలో అందరికీ వినబడేలా చెప్పింది. సురేఖ కుడికాలు పెట్టింది. మెట్టెలు తొడిగారు. మోహన అంతవరకూ పట్టి ఉంచిన ఏడుపు అప్పుడు ఏడ్చింది. అది పెళ్ళి ఏడుపా, రాతి ఏడుపా అని ఎవరూ అడగలేదు.

యోగానంద్ వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నాడు. పంక్తిలో కుప్పమ్మ పాయసం వడ్డిస్తూ వాడి ఆకు దగ్గరికి వచ్చింది. అందరికీ పోసినంతే పోసింది. చిన్నప్పటి నుంచీ వాడికి ఒక గరిటె ఎక్కువ పడేది.

ఇప్పటికీ ఆదివారం వస్తాడు. గడప మీద కూర్చుంటాడు. తిన్నావా అంటే తిన్నానంటాడు. ఉప్పు సరిపోయిందా అంటే సరిపోయిందంటాడు. చట్నీ మిక్సీలోదే. మొన్న టీవీలో ఏదో దూరదేశంలో అగ్నిపర్వతం పేలింది. నిప్పు ఎర్రగా, పొగ నల్లగా ఎగజిమ్ముతున్నాయి. యోగానంద్ చూపు టీవీ మీద నుంచి ఆమె మీదికి వచ్చింది. "పెద్దమ్మా, ఇది రసమా, సంకటా?" అన్నాడు, మెల్లగా, నవ్వు ముఖం పెట్టి. ఆమెకు తెలుసు. పొగ అంత దట్టంగా, అంత ఎత్తుకు కొడుతోందంటే అది సంకటే. ఆమె రాట్నం ఇంకొంచెం గట్టిగా తిప్పింది. కండె నిండింది, ఇంకోటి ఎక్కించింది.

అవ్వకు చదవడం రాదు కాబట్టి ఇదంతా రాశాక నేనే కూర్చుని చదివి వినిపించాను. మధ్యలో రెండుసార్లు కునికింది. పరోటా దగ్గర లేచింది. అయిపోయాక అడిగాను, "అవ్వా, చిన్నాయనను మన్నించేసినావని చివర్లో ఒక మాట రాసేదా? చదివేవాళ్ళకు బాగుంటాది."

"వానికి అన్నం పెడతా ఉండా, చాలదా? నేను మొద్దుదాన్ని అనుకొని రాయి మార్చినాడు, అది నా కడుపులోనే ఉండాది, పోలేదు. నువ్వు రాసినంత మంచిదాన్ని కాదు నేను. ఆ మంచిదంతా కొట్టెయ్యి, పో."